వస్తువును, స్థలాన్ని మార్చితే నేరం తగ్గుతుందా, లేక పక్కకు జరుగుతుందా?

ప్రశ్న

నమస్కారం. నేను వస్తు రూపకల్పన చదువుతున్నాను. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా బహిరంగ ప్రదేశాల్లో సైకిళ్లు నిలిపే స్టాండును ఎంచుకున్నాను. సైకిలును ఎత్తుకుపోవడం ఇప్పటికంటే కష్టమయ్యేలా దాన్ని మలచాలన్నది నా ఉద్దేశం. అయితే ప్రతిపాదన చదివిన మా అధ్యాపకులు మొదటి పుటలోనే ఎర్ర గీత గీశారు. దొంగబుద్ధి ఉన్నవాడు ఇనుప గొట్టం వంపు చూసి బుద్ధి మార్చుకోడని, ఇక్కడ వీలుపడకపోతే నాలుగడుగులు వేసి మరొక చోట పని కానిచ్చుకుంటాడని, కాబట్టి ఇటువంటి ప్రయత్నాలు నేరం చిరునామాను మార్చడం తప్ప దాన్ని తగ్గించలేవని ఆయన అభిప్రాయం. ఆ మాట సరికాదని నాకు అనిపించింది గాని, ఎందుకు సరికాదో చెప్పడానికి ఆధారం లేకపోయింది.

అందువల్ల విషయం తెలిసిన పెద్దలను అడుగుతున్నాను. వస్తువులను, స్థలాలను మార్చడం వల్ల నేరం నిజంగా తగ్గిందని చూపే ఉదాహరణలు ఉన్నాయా? ఉంటే అవి ఏ పరిస్థితుల్లో పనిచేశాయి, ఎక్కడ బెడిసికొట్టాయి? వీధి దీపాలు, కెమెరాలు, భవనాల అమరిక గురించి చాలామంది ఎంతో ధీమాగా మాట్లాడుతుంటారు. వాటిలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ అధ్యాపకుల అభ్యంతరం పాతదే అయినా తేలికగా తీసిపారేయదగినది కాదు. అయితే దాని అడుగున ఒక ఊహ ఉంది. దొంగతనం దొంగ మనసులో ముందే పూర్తయిపోతుందని, ఇక మిగిలేది చోటు వెతుక్కోవడమేనని ఆయన అనుకుంటున్నారు. నేను చాలా ఏళ్లు వాహన చోరీలకు సంబంధించిన బీమా క్లెయిములను పరిశీలించే పనిలో ఉన్నాను. అటువంటి దొంగలు ఉన్న మాట నిజమే గాని, నేను చూసినంతలో ఎక్కువ చోరీలు తాళం మరిచిపోయిన బండి కంటబడటంతో మొదలైనవే.

ఈ వాదాన్ని పరీక్షించే ప్రయోగం ఒకటి, ఎవరూ తలపెట్టకుండానే, పశ్చిమ జర్మనీలో జరిగింది. హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు నడిపేవారికి అక్కడికక్కడే జరిమానా విధించడం 1980లో అక్కడ మొదలైంది. ఆ నిబంధనను ప్రాణరక్షణ కోసం తెచ్చారు; దొంగల ఊసు అందులో లేదు. అయినా 1980లో సుమారు 1,50,000గా ఉన్న మోటారు సైకిలు దొంగతనాలు 1986 నాటికి సుమారు 54,000కు పడిపోయాయి. ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. దారిన పోతూ కంటబడిన బండిని అప్పటికప్పుడు ఎక్కి పోయేవాడి చేతిలో హెల్మెట్ ఉండదు, అది లేకుండా రోడ్డెక్కితే ఏదో ఒక కూడలిలో పోలీసు ఆపుతాడు, ఆపితే దొంగసొత్తు సంగతి బయటపడుతుంది. మీ అధ్యాపకులు చెప్పినదే నిజమైతే ఆ తగ్గిన లక్ష దొంగతనాలూ కార్ల మీదికో సైకిళ్ల మీదికో మళ్లాలి. కార్ల దొంగతనాలు ఆ కాలంలో కొన్ని వేలు పెరిగాయి, అంతే. సైకిళ్ల దొంగతనాలు మధ్యలో కొంత పెరిగినా చివరికి తగ్గాయి.

నేరం పక్కకు జరగడం అసలు ఉండదని నేను అనడం లేదు. స్టీరింగుకు పడే తాళం కథ అందుకు మంచి ఉదాహరణ. 1960ల ఆరంభంలో పశ్చిమ జర్మనీ ఆ తాళాన్ని కొత్త కార్లకే కాక అప్పటికే తిరుగుతున్న పాత కార్లకు కూడా తప్పనిసరి చేసింది. కార్ల దొంగతనాలు తగ్గి అలాగే నిలిచాయి. బ్రిటన్ 1971 నుంచి కొత్త కార్లకు మాత్రమే వర్తింపజేసింది. దొంగలు కొత్త కార్లను వదిలి తాళం లేని పాత కార్ల మీద పడ్డారు. తాళం ఒకటే అయినా ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి. కాబట్టి మీ అధ్యాపకులను ‘నేరం పక్కకు జరుగుతుందా, జరగదా’ అన్న ప్రశ్న దగ్గర ఆగనివ్వకండి. అది పక్కకు జరగడానికి సులువైన చోటు ఎంత దగ్గరలో మిగిలి ఉందన్నది అసలు చూడవలసిన సంగతి. రాబ్ గెరెట్, కేట్ బవర్స్ అనే పరిశోధకులు పరిస్థితులను మార్చి నేరాన్ని అడ్డుకునే ప్రయత్నాల మీద జరిగిన 102 మూల్యాంకనాలను పోగుచేసి 2009లో ప్రచురించిన పరిశీలనలో, లెక్కకు తీసుకున్న సందర్భాల్లో 26 శాతంలో నేరం పక్కకు జరిగిన జాడలు కనిపించాయి. 27 శాతంలో దానికి పూర్తిగా తలకిందులుగా, ఏ మార్పూ చేయని పొరుగు ప్రాంతాల్లో కూడా నేరం తగ్గింది.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే ఇమ్మొబిలైజర్ ఉంది. సరైన తాళంచెవిలోని చిప్పు సంకేతం అందితే తప్ప ఇంజను నడవనివ్వని ఈ పరికరాన్ని యూరోపియన్ యూనియన్ 1998లో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది, ఆస్ట్రేలియా 2001లో చేసింది. అమెరికా అటువంటి నిబంధన పెట్టలేదు. ఫలితంగా అక్కడ 2015 నమూనా కార్లలో ఇతర కంపెనీల వాటిలో 96 శాతానికి ఈ పరికరం మామూలుగానే అమర్చి రాగా, హ్యుందాయ్, కియా కార్లలో 26 శాతానికే వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఆ కార్లను యూఎస్‌బీ వైరు కొనతో నడిపించి ఎత్తుకుపోయే పద్ధతిని కుర్రవాళ్లు సామాజిక మాధ్యమాల్లో వీడియోలుగా పంచుకోవడం మొదలుపెట్టగానే, సరిగ్గా ఆ కార్ల దొంగతనాలే పెచ్చుమీరాయి. పక్కనే నిలిపి ఉన్న మిగతా కంపెనీల కార్ల జోలికి వారు అంతగా పోలేదు. దొంగబుద్ధి ఆ ఏడాది హఠాత్తుగా పుట్టుకొచ్చిందని ఎవరూ అనలేరు గదా.

రెండవ సమాధానం

వాహనాల గురించి పై మిత్రులు వివరంగా రాశారు. నేను పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసినవాడిని కనుక స్థలాల గురించి చెబుతాను. ఈ రంగంలో ఆధారం కంటే విశ్వాసం ఎక్కువని ముందే ఒప్పుకుంటున్నాను.

వీధిని కాపాడేది ముందుగా ఆ వీధిలో తిరిగేవారి, కిటికీల్లోంచి చూసేవారి కళ్లేనని నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వాదించారు. 1971లో నేరశాస్త్రవేత్త సి. రే జెఫ్రీ, 1972లో వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ ఆ ఆలోచనను తమ తమ దారుల్లో ముందుకు తీసుకుపోయారు. న్యూమన్ న్యూయార్క్‌లో రోడ్డుకు అటూ ఇటూ ఉన్న బ్రౌన్స్‌విల్, వాన్ డైక్ అనే రెండు ప్రభుత్వ గృహసముదాయాలను పోల్చారు. రెండింటిలో నివసించేవారి సంఖ్య, ఆదాయం దాదాపు ఒకటే. బ్రౌన్స్‌విల్‌లోని తక్కువ అంతస్తుల భవనాల్లో కొద్ది కుటుంబాలు ఒక మెట్లదారిని పంచుకునేవి, కాబట్టి అక్కడికి వచ్చిన కొత్తవాడిని ఎవరో ఒకరు గుర్తుపట్టేవారు. వాన్ డైక్‌లోని ఎత్తైన భవనాల్లో వందలాది మంది వాడే లిఫ్టులు, నడవాలు ఎవరివీ కాకుండా పోయాయి. నేరాలు కూడా అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ‘ఇది మా గడప’ అని నివాసులు అనుకోగలిగే పరిధి ఎక్కడ ముగుస్తుందో ఆ తర్వాతి స్థలం నేరానికి అనువవుతుందన్నది ఆయన సారాంశం.

ఆ సారాంశం నాకు నచ్చుతుంది. నచ్చుతుంది కాబట్టే దాన్ని అనుమానించడం కూడా నేర్చుకున్నాను. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ గృహసముదాయాన్ని, అంటే 11 అంతస్తుల 33 భవనాలను, 1972లో కూల్చడం మొదలుపెట్టినప్పుడు అందరూ వాస్తుశిల్పాన్నే దోషిగా నిలబెట్టారు. కానీ అక్కడ అద్దెల మీద వచ్చే రాబడితోనే నిర్వహణ సాగవలసి ఉండటం, నగర జనాభా తగ్గిపోవడం, ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ మరమ్మతులు ఆగిపోవడం కూడా కథలో సగభాగం. పగిలిన దీపాన్ని మార్చే మనిషి లేనప్పుడు ఆ దీపాన్ని ఎక్కడ అమర్చారన్న చర్చకు అర్థం ఉండదు.

దీపాల గురించి ప్రత్యేకంగా అడిగారు. ఇక్కడ మాత్రం గట్టి ఆధారం ఉంది. 2016లో న్యూయార్క్ ప్రభుత్వ గృహసముదాయాల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, వాటి ఆవరణల్లో ప్రకాశవంతమైన తాత్కాలిక దీపస్తంభాలు నిలిపారు. రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు అక్కడ 36 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. అయితే ప్రతి దీపమూ మేలు చేస్తుందని అనుకోకండి. ఎవరూ నడవని, ఏ కిటికీ నుంచీ కనిపించని సందులో దీపం పెడితే అది పనిముట్లు వెతుక్కునే దొంగకే ఉపయోగపడుతుంది. కళ్లు చికిలించేలా కొట్టే దీపం తన వెనుక దట్టమైన నీడను కూడా తయారుచేస్తుంది.

సీసీ కెమెరాల విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. అవి బాగా పనిచేసిన చోటు కార్ల పార్కింగు. నేరశాస్త్ర పరిశోధకులు డేవిడ్ ఫారింగ్టన్, బ్రాండన్ వెల్ష్ 2009 నాటి సమీక్షలో పార్కింగు స్థలాల్లో నేరాలు సగానికి తగ్గినట్లు చూపారు, కానీ ఆ స్థలాల్లో చాలావాటిలో కెమెరాలతో పాటు దీపాలు, కాపలా కూడా మెరుగుపరిచారు. నగర కూడళ్లలో పెట్టిన కెమెరాల వల్ల చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. తెర ముందు మనిషి లేని కెమెరా చేసే పని, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, జరిగినదాన్ని తర్వాత చూపించడమే.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసినవి రెండు చిన్న మార్పులు. ఫిలడెల్ఫియాలో చెత్తతో నిండిన 541 ఖాళీ స్థలాలను పరిశోధనకు తీసుకుని, వాటిలో కొన్నింటిని శుభ్రం చేసి, గడ్డి, కొన్ని చెట్లు నాటి, ఎవరైనా సులువుగా దాటగలిగే పొట్టి కర్ర కంచె వేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం పేద వాడల్లో అటువంటి స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఆ పొట్టి కంచె ఎవరినీ ఆపలేదు. ఆ స్థలాన్ని పట్టించుకునేవారు ఉన్నారని మాత్రం చెప్పింది. ఇక రెండవది ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో, కిర్క్‌హోల్ట్ అనే వాడలో 1980ల మధ్యలో జరిగింది. అక్కడి ఇళ్లలో నాణేలు వేస్తే విద్యుత్తు, గ్యాసు ఇచ్చే మీటర్లు ఉండేవి, అంటే ప్రతి ఇంట్లోనూ డబ్బు నిండిన పెట్టె ఒకటి ఫలానా చోట ఉంటుందని కన్నం వేసేవాడికి ముందే తెలుసు. ఆ మీటర్లను మార్చారు, ఒకసారి దొంగలు పడిన ఇంట్లోనే మళ్లీ పడే అవకాశం ఎక్కువని గమనించి ఆ ఇళ్లకు చుట్టుపక్కలవారి నిఘా ఏర్పాటు చేశారు. మూడేళ్లలో దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి. తలుపులు బలపరచడం కంటే ముందు లోపల ఉన్న ఎరను తీసివేయాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, వారికి నమస్కరించాలనిపిస్తుంది.

మూడవ సమాధానం

పై ఇద్దరూ రాసినవాటిలో దేనినీ నేను ఖండించడం లేదు, కానీ ఈ రంగం గొప్పలు చెప్పుకునేటప్పుడు దాచే సంగతులు కొన్ని ఉన్నాయి. అవి కూడా ఈ విద్యార్థికి తెలియాలి.

మొదటిది, ‘నేర నివారణ’ అనే పేరు చాలా సులువుగా ‘మనుషుల నివారణ’గా మారుతుంది. 2014లో లండన్‌లోని ఒక ఖరీదైన నివాస భవనం గుమ్మం పక్కన, ఇల్లు లేనివారు పడుకోకుండా, నేలలో ఇనుప మొలలు దిగగొట్టారు. జనం తీవ్రంగా నిరసించాక తొలగించారు. అదే నగరంలో 2012లో కామ్డెన్ పురపాలక సంస్థ కోసం చేసిన కాంక్రీటు బల్లను చూడండి. వాలుగా ఉండే దాని పైభాగం మీద పడుకోలేరు, మత్తుమందు పొట్లం దాచడానికి దానిలో సందు లేదు, స్కేటుబోర్డు నడపడానికి అంచు లేదు. ఆ జాబితాలో నేరం ఎంత, పేదరికం ఎంత, పిల్లల ఆట ఎంత అని ఎవరైనా విడదీసి చూశారా? నడుము నొప్పి ఉన్న వృద్ధురాలు ఆ బల్ల మీద ఎంతసేపు కూర్చోగలదు? జేన్ జేకబ్స్ చెప్పిన ‘వీధిని చూసే కళ్లు’ కావాలంటే ముందు ఆ వీధిలో మనుషులు నిలవాలి. నిలవనీయని బల్ల ఆ కళ్లనే వెళ్లగొడుతుంది.

రెండవది, ఒక ద్వారం మూసినప్పుడు మరొకటి తెరుచుకోవడం. బ్రిటన్‌లో 2006 నుంచి చిప్పు, పిన్ నంబరుతో నడిచే కార్డులు తప్పనిసరి కాగానే దుకాణాల్లో దొంగ కార్డుల వాడకం తగ్గింది, కార్డు చూపనవసరం లేని ఫోను, ఇంటర్నెట్ కొనుగోళ్లలో మోసం పెరిగింది. ఇమ్మొబిలైజర్ కథకు కూడా తరువాయి భాగం ఉంది. తాళంచెవి జేబులో ఉంటే చాలు, కారు దానంతట అదే తెరుచుకునే సౌకర్యం వచ్చాక, ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని తలుపు బయటి నుంచి పట్టి కారు దాకా అందించే పరికరాలతో దొంగలు వస్తున్నారు. రూపకర్తలు సౌలభ్యం కోసం చేసిన పనిలోంచే ఆ మార్గం పుట్టింది.

మూడవది చిన్నదే గాని ప్రాణాంతకమైనది. దొంగల భయంతో కిటికీలకు బిగించిన ఊచలు అగ్నిప్రమాదంలో లోపలివారిని బంధిస్తాయి. లోపలి నుంచి తెరుచుకునే ఏర్పాటు లేని ఊచలను నేనైతే రక్షణ అని పిలవను.

వీటన్నిటితో పాటు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. గృహహింస, ఆఫీసులోని అవకతవకలు, నమ్మినవాడు చేసే మోసం మీద దీపాల అమరికకు, ప్రహరీ ఎత్తుకు పెద్దగా అధికారం లేదు. అపరిచితుడి నుంచి కాపాడే రూపకల్పనకే మన డబ్బంతా పోస్తే, నేరాల్లో పెద్ద భాగం లెక్కకు రాకుండా పోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా అధ్యాపకులకు చూపడానికి హెల్మెట్ ఉదాహరణ, స్టీరింగు తాళం ఉదాహరణ పక్కపక్కన రాసుకున్నాను. మూడవ సమాధానం చదివాక, నా స్టాండు మీద ఎవరూ కూర్చోకుండా పెట్టాలనుకున్న ముళ్లలాంటి భాగాన్ని చిత్రం నుంచి తీసివేశాను; నిజానికి దానికీ దొంగతనానికీ ఏ సంబంధమూ లేదని అప్పుడు తట్టింది. ఇంకొక సందేహం మిగిలింది. ఇటువంటి మెరుగుదల వల్ల ఖర్చు పెరుగుతుంది. వస్తువు పోతే నష్టపోయేది కొన్నవాడు, తయారుచేసినవాడు కాదు. అటువంటప్పుడు తయారీదారు ఎందుకు పూనుకుంటాడు? అలాగే, నా స్టాండు పనిచేసిందో లేదో ఎలా నిరూపించాలి?

నాలుగవ సమాధానం

మీ సందేహం సరైనది. పోయిన వస్తువు స్థానంలో మళ్లీ కొత్తది కొంటారు కాబట్టి తయారీదారుకు ఒక్కొక్కసారి లాభమే తప్ప నష్టం ఉండదు. అందుకే ఈ రంగంలో పెద్ద మార్పులు చాలావరకు చట్టం వల్లనో, పరువు పోతుందన్న భయం వల్లనో వచ్చాయి. బ్రిటన్ హోం శాఖ 1992లో ఏ నమూనా కార్లు ఎక్కువగా చోరీ అవుతున్నాయో జాబితాగా ప్రచురించింది. తమ కారు పేరు ఆ జాబితా పైభాగంలో చూసుకోవాలని ఏ కంపెనీ కోరుకుంటుంది? ఫోన్ల విషయంలో ఆపిల్ సంస్థ, యజమాని పాస్‌వర్డు లేకుండా ఫోనును మళ్లీ వాడుకలోకి తేలేని ఏర్పాటును 2013లో ప్రవేశపెట్టింది. 2015 జులై నుంచి తయారై తమ రాష్ట్రంలో అమ్మే స్మార్ట్‌ఫోన్లలో ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి అని కాలిఫోర్నియా చట్టం చేసింది. ఈ పద్ధతిలో ఫోను చేజారకుండా ఆపేది ఏదీ లేదు. చేజారిన తర్వాత దానికి విలువ లేకుండా పోతుంది. అయితే దొంగలు విడిభాగాలుగా అమ్మడం, పాస్‌వర్డు కోసం యజమానికే మోసపు సందేశాలు పంపడం నేర్చుకున్నారని కూడా గుర్తుంచుకోండి.

భయం వల్ల వచ్చిన మార్పుల్లో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది 1982 నాటి టైలెనాల్ అనే నొప్పి మందు ఉదంతం. షికాగో ప్రాంతంలో దుకాణాల అరల్లోని ఆ మందు క్యాప్సూళ్లలో ఎవరో సయనైడ్ నింపారు, ఏడుగురు చనిపోయారు. కొద్ది వారాల్లోనే, మూత ఒకసారి తెరిస్తే తెలిసిపోయే సీలు ఉండాలన్న నిబంధనను అమెరికా ప్రభుత్వం తెచ్చింది. ఈనాడు మందు సీసా మూత కింద మనం చింపే పలుచని రేకు ఆ మార్పుకు వారసత్వమే. ఆ హత్యలు చేసినది ఎవరో ఇప్పటికీ తేలలేదు. నేరస్థుడి పేరు, బుద్ధి, చరిత్ర ఏదీ తెలియకపోయినా వస్తువును మార్చగలిగారు. మీ అధ్యాపకులు దొంగబుద్ధి గురించి మళ్లీ ఎత్తితే ఈ సంగతి కూడా చెప్పండి.

ఇక నిరూపణ. ఎన్ని సైకిళ్లు పోయాయన్న లెక్క మీద మాత్రమే ఆధారపడకండి. ఒక చోట కొద్ది నెలల్లో పోయే సైకిళ్లు చాలా తక్కువ కాబట్టి ఆ అంకె కాకతాళీయంగా పైకీ కిందికీ ఊగుతుంది. దానికంటే ముందు దశను కొలవండి, అంటే జనం తాళం ఎలా వేస్తున్నారో చూడండి. లండన్‌లో పరిశోధకులు రకరకాల స్టాండ్ల దగ్గర ఇదే పని చేశారు. తలకిందులైన యు ఆకారపు మామూలు స్టాండుకు చాలామంది సైకిలు చట్రంలోని పై గొట్టాన్ని మాత్రమే కట్టి వెళ్లిపోతారు, చక్రాలు తేలికగా ఊడి వస్తాయి. పై గొట్టం దగ్గర కట్టుకోవడానికి వీలు లేకుండా, చక్రమూ చట్రమూ కలిసే చోటే తాళం పడేలా వంచిన ఎం ఆకారపు స్టాండు వంటి వాటి దగ్గర వాడేవారి అలవాటు దానంతట అదే మారింది. ఎవరికీ బోర్డు పెట్టి బోధించనవసరం రాలేదు.

మీరు కూడా కొత్త స్టాండ్ల పక్కనే కొన్ని పాతవి ఉంచి, రోజూ ఒకే వేళకు వెళ్లి, రెండింటి దగ్గరా చట్రం, ముందు చక్రం, వెనుక చక్రం కలిపి కట్టినవి ఎన్నో, విడిగా వదిలినవి ఎన్నో రాసుకోండి. కొత్తవి పెట్టకముందే కనీసం కొన్ని వారాల లెక్క చేతిలో ఉండాలి. చోరీల లెక్క తీసుకుంటే మీ స్థలానికి ఆనుకున్న వీధులది కూడా, దూరంగా ఉన్న, మీ స్థలాన్ని పోలిన వీధి ఒకదానిది కూడా తీసుకోండి. ఆనుకున్న వీధుల్లో చోరీలు పెరిగితే అధ్యాపకుల మాటలో నిజం ఉన్నట్లు. పెరగకపోతే ఆ పట్టికను ఆయన గీసిన ఎర్ర గీత కిందే అతికించి ఇవ్వండి.